పైసా రాని మోడరేటర్ పనికి మనుషులు ఎందుకు ఒప్పుకుంటారు?

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. ఆన్‌లైన్ గ్రూపుల్లో పోస్టులు చూసి తగనివి తీసేసే మోడరేటర్ పనిని, జీతం భత్యం లేకుండా, జనం ఎందుకు నెత్తిన వేసుకుంటారు, అది పెత్తనం చేసే సరదానా లేక తెరవెనుక డబ్బేమైనా ముడుతుందా అన్నది ఒకటి. మీరు చదువుకుంటున్న డీఎస్సీ టెలిగ్రామ్ గ్రూపులో మిమ్మల్ని మోడరేటర్‌గా ఉండమని అడిగారు, ఒప్పుకోవాలా వద్దా, చట్టపరంగా చిక్కులేమైనా వస్తాయా అన్నది రెండోది.

తెలుగువాళ్ళ మిద్దెతోటల ఫేస్‌బుక్ గ్రూపు ఒకదానికి నేను చాలా ఏళ్ళుగా మోడరేటర్‌ని. తెలుగు వికీపీడియాలో కూరగాయలు, పూలమొక్కల వ్యాసాల్లో ఎవరు ఏం మారుస్తున్నారో కూడా చూస్తుంటాను. రెండు చోట్లా నాతో కలిసి పనిచేసినవాళ్ళను దగ్గరగా చూశాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు సూటిగా జవాబు. చాలామంది పదవి వచ్చాక పని మొదలుపెట్టరు. అప్పటికే చేస్తున్న పనికి పదవి తర్వాత వస్తుంది. ఒక చోటు వల్ల తమకు మేలు జరిగింది. అది పాడవుతుంటే చూస్తూ ఊరుకోలేరు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టాక, ఆ చెత్త తీసేసే మీట కూడా తమ చేతిలో ఉంటే బాగుండుననుకుంటారు. ఆ మీట పేరే మోడరేటర్. పెత్తనం కోసం, డబ్బు కోసం వచ్చేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ సంగతీ చెబుతాను. కానీ ఏళ్ళ తరబడి నిలబడేవాళ్ళలో వాళ్ళు తక్కువ.

ఇది ఎలా మొదలవుతుందో ఒక ఉదాహరణతో చెబితే సులువుగా అర్థమవుతుంది. మిరప ఆకుముడత ఫొటో మా గ్రూపులో రాని వారం ఉండదు. కొత్తగా చేరిన ఒక అమ్మాయి, బాల్కనీలో రెండు కుండీల్లో మిరప పెట్టాను, ఆకులన్నీ ముడుచుకుపోయాయి, ఏం చేయాలండీ అని అడుగుతుంది. పది నిమిషాల్లో కింద ఒక కామెంటు పడుతుంది: "మోనో కొట్టండి సిస్టర్, రెండు రోజుల్లో క్లియర్." మోనో అంటే మోనోక్రోటోఫాస్. కూరగాయల మీద దాని వాడకాన్ని మన దేశంలో ఏనాడో నిషేధించారు. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయింది ఆ మందు కలిసిన వంట వల్లే. ఇక్కడ ఈ అమ్మాయేమో ఆ కుండీలో కాయలు కోసి సాయంత్రం పప్పులో వేసుకుంటుంది. కామెంటు పెట్టినాయన చెడ్డవాడేం కాదు. పొలంలో తాను చూసిందే చెప్పాడు. అయినా అది అక్కడ ఒక గంట ఉన్నా ప్రమాదమే.

అప్పుడు చేయాల్సిన పని చాలా ఉంటుంది. ఆ కామెంటు తీసేయాలి. ఎందుకు తీశామో ఆయన నొచ్చుకోకుండా చెప్పాలి. ఆ అమ్మాయిని ఆకు అడుగుభాగం ఫొటో ఒకటి దగ్గరగా తీసి పెట్టమనాలి. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, దాన్ని పై ముడత అంటాం. అంచులు కిందికి వంగి, తిరగేసిన దోనెలా ఉండి, కాడ పొడుగ్గా సాగితే నల్లి, అది కింది ముడత. మొదటిదానికి నీలిరంగు జిగురు అట్టలు, వేపనూనె చాలు. రెండోదానికి నీటిలో కరిగే గంధకం కావాలి. నల్లి పురుగుల జాతి కాదు, సాలీళ్ళ జాతి. దాని మీద ఏదో ఒక పురుగుమందు కొడితే అది చావకపోగా దాన్ని తినే మిత్రపురుగులు చచ్చి ఇంకా విజృంభిస్తుంది. ఇదంతా తెలిసినవాళ్ళు గ్రూపులో చాలామందే ఉన్నారు. అడిగిన ప్రతిసారీ, విసుక్కోకుండా, మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవాళ్ళు మాత్రం నలుగురైదుగురే ఉంటారు. రేపటి మోడరేటర్లు వాళ్ళే. గ్రూపు మొదలుపెట్టినాయన నన్ను అడిగినప్పుడు, "మీరు ఎలాగూ చేస్తూనే ఉన్నారు కదమ్మా, తీసేసే మీట కూడా మీ దగ్గరే ఉంటే నాకు మెసేజ్ పెట్టి ఎదురుచూసే పని తప్పుతుంది" అన్నారు. మా మోడరేటర్లలో ఎవరిని కదిపినా దాదాపు ఇదే కథ.

వికీపీడియాలో ఈ వరస ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఇవాళ లక్ష వ్యాసాలు దాటింది. అక్కడ నిర్వాహక హోదా కోసం ఎవరి పేరైనా ప్రతిపాదిస్తే మిగతా వాడుకరులు చూసేది ఆ మనిషి ఇప్పటిదాకా ఏం చేశాడన్నదే. ఇటీవలి మార్పుల పేజీ చూస్తూ పాడు చేసిన దిద్దుబాట్లను వెనక్కి తిప్పాడా, చర్చ పేజీల్లో ఎదుటివాడితో మర్యాదగా మాట్లాడాడా, కొత్తవాళ్ళకు దారి చూపించాడా అని చూస్తారు. హోదా వచ్చాక అదనంగా దక్కేవి పేజీని తొలగించే, సంరక్షించే, వాడుకరిని నిరోధించే సౌకర్యాలు. వ్యాసంలో ఏముండాలన్న చర్చలో నిర్వాహకుడి మాటకు ప్రత్యేకమైన బరువేమీ లేదు.

అక్కడి రోజువారీ పని కూడా పెద్ద పెద్ద యుద్ధాలేం కాదు. ఒక కుర్రాడు తన ఊరి పేజీ తెరిచి ప్రముఖుల జాబితాలో తన పేరు, పక్కనే ఇన్‌స్టాగ్రామ్ ఐడీ రాసుకుంటాడు. ఇంకొకాయన ఒక స్వాతంత్ర్య సమరయోధుడి పేజీలో మిగతా జీవితమంతా వదిలేసి ఆయన కులం పేరు మాత్రం మూడుచోట్ల చేరుస్తాడు. హీరో పుట్టినరోజు వచ్చిందంటే సినిమా వసూళ్ళ అంకెలు పెరిగిపోతాయి. ఇవన్నీ వెనక్కి తిప్పాలి. ఆ ఊరి కుర్రాడికి మాత్రం స్వాగతం చెప్పి, రాసి చూసుకోవడానికి ఉండే ప్రయోగశాల పేజీ చూపించి, మీ ఊరి చెరువు ఫొటో, గుడి ఫొటో ఎక్కించండి అంటే కొన్నిసార్లు నిజంగానే ఎక్కిస్తాడు. అలా వచ్చి నిలబడిపోయినవాళ్ళను చూశాను. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ఇక కారణాల్లోకి వద్దాం. నేను అన్నిటికంటే ముందు పెట్టేది రుణం తీర్చుకోవాలన్న కోరిక. డాలస్‌లో ఉండే మా మోడరేటర్ ఒకామె గ్రూపులోకి వచ్చింది దోసపాదు గురించి అడగడానికి. పాదు నిండా పూత, పిందె మాత్రం పసుపుబారి రాలిపోతోంది. తేనెటీగలు తగినన్ని రాకపోతే అంతే, ఆడపువ్వుకు పరాగం అందదు. పొద్దున్నే మగపువ్వు కోసి, రేకులు తుంచి, పుప్పొడిని ఆడపువ్వు నడుమ అద్దమని కడప నుంచి ఒక పెద్దాయన ఆమెకు ఫొటోలు తీసి మరీ చూపించారు. ఆయనకు ఆమె తిరిగి చేయగలిగింది ఏమీ లేదు, ఆయనకు ఏ లోటూ లేదు. అందుకని వెనకాల వచ్చిన కొత్తవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టింది. ఇవాళ మాకు అర్ధరాత్రి అయ్యేసరికి ఆమెకు మధ్యాహ్నం, రాత్రిపూట గ్రూపును చూసుకునేది ఆమే. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు "గోంగూర విత్తనాలు కవర్లో పెట్టి పంపండి ప్లీజ్" అని పోస్టు పెడితే ముందు స్పందించేదీ ఆమే. అక్కడికి విత్తనాలు పంపాలంటే చీడతెగుళ్ళు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్టో, వాళ్ళ వ్యవసాయ శాఖ అనుమతో ఉండాలి. ఉత్తి కవర్లో పంపితే కస్టమ్స్‌లో పోతుంది. ఆ పోస్టు తీసేసి, అక్కడే దొరికే చోట్లు చెబుతుంది. ఆమె ఇందుకు తన భోజన విరామం వాడుకుంటుంది.

రెండోది, ఆ చోటు మీద మమకారం. ఇది సేవాభావం కంటే కొంచెం స్వార్థంతో కూడినది, అందుకే ఎక్కువ కాలం నిలుస్తుంది. సాయంత్రం పని ముగించుకుని నేను వెళ్ళాలనుకునే గ్రూపు అది. అందులో గుడ్ మార్నింగ్ బొమ్మలు, పార్టీల పోస్టులు, లోన్ యాప్ ప్రకటనలు నిండితే నాకే వెళ్ళబుద్ధి కాదు. శుభ్రంగా ఉంచుకోవడంలో నా అవసరం కూడా ఉంది. మీ డీఎస్సీ గ్రూపులో నోట్సు పంచుకునేవాళ్ళకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. కోచింగ్ సెంటర్ల ప్రకటనల మధ్య సైకాలజీ బిట్లు వెతుక్కోవాల్సి వస్తే గ్రూపు వల్ల ఉపయోగమేముంది?

మూడోదాన్ని బయటివాళ్ళు పట్టించుకోరు. ఈ పనిలో ఒక నేర్పు ఉంది, నేర్పు ఉన్న ప్రతి పనిలోనూ ఒక ఆనందం ఉంటుంది. పెండింగ్ పోస్టుల వరస తెరవగానే ఏది మోసమో చూపుకు తెలిసిపోవడం మొదలవుతుంది. నీలి గులాబీ విత్తనాలు ఇరవై, 199 రూపాయలు, ముందుగా ఫోన్‌పే చేయాలి. ఫొటోలో రేకుల మీది నీలం పక్కనున్న ఆకుల అంచుల మీదికి కూడా పాకి ఉంటుంది, అంటే ఫొటోకు రంగు వేశారన్నమాట. పైగా గులాబీని మనం కొమ్మతోనో అంటుతోనో పెంచుకుంటాం, విత్తనాల ప్యాకెట్టు అన్నప్పుడే అనుమానం రావాలి. పెట్టినవాడి ప్రొఫైల్ గతవారం తెరిచింది, పదకొండు తోటపని గ్రూపుల్లో ఒకే రోజు చేరాడు. తిరస్కరించి, మిగతా గ్రూపుల మోడరేటర్లకు కూడా ఒక మాట చెబుతాం. ఆ రోజు ఎంతమంది డబ్బు మిగిలిందో ఎవరికీ తెలియదు, మాకు మాత్రం తృప్తిగా ఉంటుంది.

తోటి మోడరేటర్ల స్నేహం కూడా మనిషిని నిలబెడుతుంది. మాకు వేరే చిన్న గ్రూపు ఒకటి ఉంది. ఒక పోస్టు తీయాలా వద్దా అని అక్కడ వాదించుకుంటాం. ఎవరింట్లోనైనా పెళ్ళి ఉంటే వాళ్ళ వంతు ఇంకొకరు చూస్తారు. సభ్యులు తిట్టిన రోజు ఓదార్పూ అక్కడే. విశ్రాంత ఉద్యోగి అయిన మా మోడరేటర్ ఒకాయన, భార్య పోయాక ఆ ఒక్క గ్రూపు వల్లే రోజుకో క్రమం ఉందని చెప్పారు. ఇక గుర్తింపు సంగతి. అవును, నలుగురు "అక్కా, మీరు చెబితే సరే" అంటే సంతోషంగానే ఉంటుంది. పని చేసిన మనిషి మంచిమాట ఆశించడంలో తప్పేముంది?

పెత్తనం, డబ్బు అన్నారు కదా. ఉన్నాయి. మూడు రకాలు నా కళ్ళతో చూశాను. నర్సరీవాళ్ళ దగ్గర కమీషన్ తీసుకుని వాళ్ళ పోస్టులే వదిలి మిగతావాళ్ళవి ఆపేవాళ్ళు. సభ్యులు బాగా పెరిగాక గ్రూపును రియల్ ఎస్టేట్ మనుషులకో ఎన్నికల ముందు ఏదో పార్టీ ప్రచారానికో అమ్ముకునేవాళ్ళు. తమను ఒక్క మాట అన్నవాడిని మరుక్షణం బ్లాక్ చేసి ఆనందించేవాళ్ళు. ఫేస్‌బుక్ గ్రూపు గురించి చెప్పే పేజీలో పేరు మార్పుల చరిత్ర ఉంటుంది, చూడండి. వంటల గ్రూపుగా మొదలై మూడుసార్లు పేరు మారిందంటే అది చేతులు మారిందని అనుమానించవచ్చు. వెనకటి ఊళ్ళలో చెరువు నీళ్ళు పంచే నీరుగంటి ఉండేవాడు. తూము అతని చేతిలో ఉన్నా నీళ్ళు అతనివి కావు, ఏ మడికి ఎంత అన్నది ఊరి కట్టుబాటు. మంచి మోడరేటర్‌కీ చెడ్డ మోడరేటర్‌కీ తేడా అక్కడే తెలుస్తుంది: తాను తీసిన పోస్టుకు ఏ నియమం కింద తీశాడో చెప్పగలడా, అదే తప్పు తన స్నేహితుడు చేస్తే అదే నియమం వర్తింపజేస్తాడా.

మీరు అడగకపోయినా, దీని పక్కనే వచ్చే ప్రశ్న ఒకటుంది. కంపెనీ కోట్లు సంపాదిస్తుంటే దానికి మనం ఊరికే చాకిరీ చేయడమేమిటని. ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. విషయాల వారీగా జనం చర్చించుకునే రెడిట్ అనే సైట్‌లో మోడరేటర్లు చేసే పనిని నార్త్‌వెస్టర్న్, మిన్నెసోటా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2022లో లెక్కగట్టారు. అందరూ కలిపి రోజుకు తక్కువలో తక్కువ 466 గంటలు, జీతంగా లెక్కిస్తే ఏడాదికి 34 లక్షల డాలర్లు అని తేలింది. ఆ కంపెనీ 2024 మార్చిలో షేర్ మార్కెట్‌కు వెళ్ళింది.

అయినా ఆ మోడరేటర్లు సమ్మె చేసిన రోజున అడిగింది జీతం కాదు. 2023 జూన్‌లో ఏడు వేలకు పైగా రెడిట్ విభాగాలు తలుపులు మూసుకున్నాయి. బయటి యాప్‌లు రెడిట్ సమాచారం వాడుకోవడానికి కంపెనీ భారీ ధర పెట్టడమే అందుకు కారణం. చాలామంది మోడరేటర్ల పని ఆ యాప్‌ల మీద నడిచేది. చూపు లేనివాళ్ళలో చాలామంది రెడిట్ చదువుకున్నదీ వాటితోనే. అదే నెలలో, ప్రోగ్రామర్లు ప్రశ్నలు జవాబులు రాసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు మోడరేటర్లు కూడా సమ్మెకు దిగారు. కృత్రిమ మేధతో రాయించిన సమాధానాలను తొలగించకుండా కంపెనీ వాళ్ళ చేతులు కట్టేసింది, తప్పుడు జవాబులు పేరుకుంటాయని వాళ్ళ బాధ. ఆగస్టులో ఒప్పందం కుదిరాక మళ్ళీ పనిలోకి వచ్చారు, మళ్ళీ ఊరికేనే. పని చేయనివ్వండి అన్నదే రెండు చోట్లా వాళ్ళ గొడవ. మనుషులు ఎందుకు చేస్తారన్న మీ ప్రశ్నకు ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనబడలేదు.

జీతం అడిగిన సందర్భం కూడా ఉంది, అదెప్పుడు వచ్చిందో చూడండి. 1990లలో అమెరికాలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ చాట్ గదులను వేలమంది వాలంటీర్లు చూసుకునేవాళ్ళు. అప్పట్లో ఇంటర్నెట్‌కు గంటల లెక్కన డబ్బు కట్టాలి, వాలంటీర్లకు ఉచితంగా ఇచ్చేవాళ్ళు, అది చిన్న లాభం కాదు. 1996 డిసెంబరులో కంపెనీ అందరికీ నెలకు ఒకే ధర పెట్టింది, 19.95 డాలర్లు. దాంతో ఉచితం విలువ ఒక్కసారిగా పడిపోయింది. మరోపక్క వారానికి ఇన్ని గంటలు కూర్చోవాలి, నివేదికలు రాయాలి, శిక్షణకు రావాలి అన్న పద్ధతులు మాత్రం అలాగే ఉన్నాయి. 1999లో కొందరు మాజీ వాలంటీర్లు, ఇది ఉద్యోగమే, కనీస వేతనం ఇవ్వండి అని కోర్టుకెక్కారు. పదేళ్ళ పైచిలుకు నడిచిన ఆ కేసు కోటీ యాభై లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. నాకు దీనిలో కనబడేది ఇది: ఇష్టంతో చేసే పనికి హాజరుపట్టీ పెడితే అది ఉద్యోగమవుతుంది, ఉద్యోగమయ్యాక జీతం అడగడం న్యాయం.

పోస్టులు వడపోయడమే ఉద్యోగంగా చేసేవాళ్ళు మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. మా పనిని వాళ్ళ పనితో కలపకండి. వాళ్ళ ముందుకు హత్యలు, ఆత్మహత్యలు, పిల్లల మీద అకృత్యాలు వరసగా వచ్చి పడతాయి, సెకన్లలో తేల్చాలి, ఆ మనుషులెవరో తెలియదు. ఆ పని మనసును ఎంత దెబ్బతీస్తుందంటే అమెరికాలో అలాంటి ఉద్యోగులు వేసిన దావాలో ఫేస్‌బుక్ 2020లో 5.2 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. మాకు పోస్టు పెట్టిన మనిషి తెలుసు. ఆయన మిద్దె తెలుసు, పోయిన వేసవిలో ఆయన టమాట ఎందుకు ఎండిపోయిందో తెలుసు. ఊరికే చేయగలగడంలో ఈ పరిచయం పాత్ర చాలా పెద్దది.

ఇంత ఇష్టంగా చేసేవాళ్ళు మరి ఎందుకు మానేస్తారు? పని ఎక్కువై మానేసినవాళ్ళు నాకు తెలిసి తక్కువ. మాటలు పడలేక మానేస్తారు. ప్రకటన తీసేస్తే "ఎంత తిన్నావు" అంటారు. పార్టీ పోస్టు తీస్తే అవతలి పార్టీ మనిషివంటారు, వెంటనే కులం తవ్వుతారు. ఆడవాళ్ళకు ఇంకొక బాధ ఉంది. గ్రూపులో మొక్క ఫొటో పెట్టిన పాపానికి ఇన్‌బాక్స్‌లో "హాయ్, తిన్నారా" మొదలవుతుంది. సభ్యురాళ్ళు ఆ స్క్రీన్‌షాట్లు మగ మోడరేటర్లకు పంపడానికి ఇబ్బంది పడతారు, నాకు పంపుతారు. అలాంటివాడిని తీసేస్తే ఇంకో పేరుతో వచ్చి నా ఫొటో కింద రాస్తాడు. ఒక మోడరేటర్ అయితే ఆమె పిల్లల స్కూలు పేరు ఎవరో రాశారని ఆ రాత్రే తప్పుకున్నారు. ఆమెను ఉండమని మేం ఎవ్వరం అడగలేదు. అలాంటప్పుడు వెళ్ళిపోవడమే సరైన పని.

వికీపీడియాలో బరువు ఇంకోలా ఉంటుంది. 2009-11 ప్రాంతంలో గూగుల్ తన అనువాద పరికరంతో తెలుగు సహా కొన్ని భారతీయ భాషల వికీల్లో ఇంగ్లీషు వ్యాసాలను పెద్దఎత్తున తర్జుమా చేయించి చేర్పించింది. చాలావాటి భాష చదవలేనట్టుగా ఉండేది. చేర్చినవాళ్ళు వెళ్ళిపోయారు, వాటిని బాగుచేయాలా తీసేయాలా అన్న చర్చ, ఆ చాకిరీ ఏళ్ళ తరబడి వాలంటీర్ల మీద పడింది. ఇప్పుడు కృత్రిమ మేధ రాసిన వ్యాసాలతో అదే బాధ, పైగా మూలాలుగా ఇచ్చిన పుస్తకాలు అసలు ఉండవు. ఒక్కో మూలాన్నీ వెతికి చూడడం ఎంత విసుగు పుట్టించే పనో చేసినవాళ్ళకే తెలుసు.

చట్టం భయం గురించి మీరు అడిగారు. సభ్యుడు పెట్టిన అభ్యంతరకరమైన పోస్టుకు, అందులో అడ్మిన్‌కు కూడా ఉద్దేశపూర్వకమైన పాత్ర ఉందని తేలకపోతే, అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయడం కుదరదని వాట్సాప్ గ్రూపుల విషయంలో 2021లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. మీకు ఇది ధైర్యాన్నిచ్చే మాటే. కానీ తీర్పు మన పక్షాన ఉండడం వేరు, పోలీస్ స్టేషన్‌కు రమ్మని ఫోన్ రావడం వేరు. 2024లో ఒక వార్తా సంస్థ వేసిన పరువునష్టం దావాలో, తన గురించిన వికీపీడియా పేజీలో మార్పులు చేసినవాళ్ళ వివరాలు ఇవ్వమని, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్‌ను ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. అప్పటినుంచి మన దేశంలో ఈ పని చేసేవాళ్ళలో చాలామంది అసలు పేరు బయటపెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. మీ గ్రూపులో ఎవరైనా "డీఎస్సీ పేపర్ లీకైంది, కావాలంటే ఇన్‌బాక్స్‌కు రండి" అని పెడితే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని వెంటనే తొలగించండి, ఆ మనిషిని బయటికి పంపండి. తెల్లారి చూద్దాంలే అనుకోవద్దు. చూసి కూడా వదిలేశారన్న మాట మీ మీదికి రాకూడదు.

ఇక ఒప్పుకోవాలా అంటే, మీరు ఇప్పటికే ఆ పని చేస్తున్నారా అని చూసుకోండి. తప్పు కీ పెట్టినవాడిని సరిదిద్దుతున్నారా, ప్రకటనలు కనబడితే అడ్మిన్‌కు చెబుతున్నారా, కొత్తవాళ్ళకు సిలబస్ ఎక్కడుందో చూపిస్తున్నారా? అయితే ఒప్పుకోండి, మీకు పెద్ద తేడా తెలియదు. అవేమీ చేయకుండా, మంచి ర్యాంకు వచ్చింది కాబట్టి అడిగారంటే మర్యాదగా వద్దనండి. ఇప్పుడున్న అడ్మిన్‌కు ఏదైనా కోచింగ్ సెంటర్‌తో సంబంధం ఉందేమో ముందే కనుక్కోండి. ఉంటే మీ పేరు వాళ్ళ వ్యాపారానికి తోడవుతుంది. మిగతా మోడరేటర్లు ఎందరు, ఎవరు ఏ వేళలో చూస్తారు అని అడగండి. ఒక్కరే అంటే ఒప్పుకోవద్దు. మీకు పరీక్ష దగ్గరపడుతోంది, నోటిఫికేషన్ వచ్చాక తప్పుకుంటానని ముందే చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఫోన్ నంబరు అందరికీ కనబడకుండా టెలిగ్రామ్ సెట్టింగ్స్‌లో దాచుకోండి, మీరు అమ్మాయైతే ఇది ఈ రోజే చేయండి.

అన్నిటికంటే ముందు, గ్రూపు నియమాలు రాసి పైన పిన్ చేసి ఉన్నాయేమో చూడండి. లేకపోతే మీరు చేరడానికి ముందే రాయించండి. రాసి ఉన్న నియమం చూపించి తీసేస్తే ఎదుటివాడు గొణుగుతాడు. రాయని నియమంతో తీసేస్తే రాత్రంతా మీతో వాదిస్తాడు. మా గ్రూపు నియమాలు ఒక పేజీయే ఉంటాయి. మొక్కల మాటలు తీసేస్తే మీకు చాలావరకు పనికొస్తాయి. కావాలంటే కింద ఒక మాట రాయండి, ఇక్కడే పెడతాను.